మూడుసార్లు గర్భం పోయాక నా రక్తంలో దొరికిన కారణం

మాది మిర్యాలగూడ. నేను ఒక రైస్‌మిల్లులో లెక్కలు చూస్తాను, మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. 2019 మేలో మా పెళ్లయింది. ఆ తర్వాత ఆరేళ్లు ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. గర్భస్రావాల గురించి ఆడవాళ్లు చెప్పుకున్నవి అక్కడక్కడ దొరికాయి గానీ, మగవాడి వైపు నుంచి ఒక్కటీ నా కంటపడలేదు. ఖర్చులు కూడా రాస్తాను. అవి మాకు అయినవి, మీ దగ్గర కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

మొదటి ఏడాది ఎవరం పట్టించుకోలేదు. రెండో ఏడాది కరోనాలో పోయింది. 2021 జనవరిలో మా ఊళ్లోనే ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. మా ఆవిడకు థైరాయిడ్, స్కానింగ్, ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే, అన్నీ అయ్యాక చీటీ చివర నా పేరు మీద ఒక్క పరీక్ష రాశారు. వీర్య పరీక్ష, నాలుగు వందల రూపాయలు.

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ముందే ఎవరూ చెప్పరు. పరీక్షకు ముందు రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా దూరంగా ఉండాలి. ఈ సంగతి ల్యాబ్ కుర్రాడు కౌంటర్ దగ్గరే, పదిమందిలో, "ఎన్ని రోజులైంది సార్?" అని గట్టిగా అడిగాడు. నా పక్కన షుగర్ టెస్టుకు వచ్చిన మా మిల్లు హమాలీ నిలబడి ఉన్నాడు. తర్వాత డబ్బా చేతికిచ్చి బాత్రూం చూపించాడు. దాని గడియ పడదు. తలుపుకు నీళ్ల బకెట్ అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంటి దగ్గర తీసి తెస్తే గంటలోపు ల్యాబ్‌లో ఇవ్వాలి, అదీ చలి తగలకుండా చొక్కా లోపల పెట్టుకొని. ఇల్లు దగ్గరుంటే అదే మేలు. నేను రెండోసారి నుంచి అలాగే చేశాను.

రిపోర్టులో కౌంట్ మిల్లీలీటరుకు 9 మిలియన్లు అని వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం కనీసం 16 ఉండాలి. కదలిక 42 శాతం ఉండాల్సింది 30 ఉంది. డాక్టరు నేను చేసే పని అడిగి, రైస్‌మిల్లు అనగానే "బాయిలర్ వేడి" అని తేల్చేశారు. నేను కూర్చునేది ఆఫీసు గదిలో, బాయిలర్ మిల్లు వెనకాల ఎక్కడో ఉంటుందని చెప్పినా చెవికెక్కలేదు. నెలకు పద్నాలుగు వందల రూపాయల టాబ్లెట్లు రాసి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోమన్నారు. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుందట, అందుకే ఆ గడువు. మళ్లీ చూస్తే 11 వచ్చింది. నల్లగొండలో యూరాలజిస్టు డాప్లర్ స్కాన్ తీయించి, ఎడమవైపు వృషణం దగ్గరి నరాలు కొద్దిగా ఉబ్బాయి గానీ చేతికి కూడా తగలడం లేదు, ఆపరేషన్ వల్ల లాభం లేదన్నాడు. ఇంకొకాయన అదే స్కాన్ చూసి ఆపరేషన్‌కు డేట్ కూడా ఇచ్చాడు. ఆ డబ్బులు మిగిలాయి.

2021 నవంబరులో మొదటిసారి రెండు గీతలు కనిపించాయి. టాబ్లెట్లు పనిచేశాయని అందరం అనుకున్నాం. డిసెంబరులో స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం కనిపించలేదు. వారం ఆగి మళ్లీ చూస్తామన్నారు. తేదీలు తప్పు లెక్కేసి ఉండొచ్చు కాబట్టి తొందరపడి తీసేయకూడదని అలా ఆగుతారు. అది మంచిదే, కానీ ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. ఆమె రోజూ స్కూలుకు వెళ్లేది. ఒక రోజు వాంతి అయితే సంతోషపడింది, ఇంకా లోపల ఉందని. వారం తర్వాత లేదని తేలింది.

టాబ్లెట్లు ఇచ్చి ఇంటికి పంపారు. "పీరియడ్స్ లాగానే వస్తుంది, కొంచెం ఎక్కువ" అన్నారు. కొంచెం కాదు. రాత్రి పదకొండుకు మొదలై తెల్లారేదాకా నొప్పి. గంటలో రెండు పెద్ద ప్యాడ్లు పూర్తిగా తడిసిపోయేంత రక్తం వరసగా రెండు గంటలు పోతే వెంటనే ఆసుపత్రికి రావాలన్న మాట ఆ చీటీలో ఎక్కడా లేదు, మాకు తర్వాత తెలిసింది. మా వదిన నర్సు కాబట్టి ఫోన్లో ధైర్యం చెప్పింది. అయినా పూర్తిగా పోలేదని మూడో రోజు క్లీనింగ్ చేశారు. తీసిన ముక్కను బయాప్సీకి పంపారు, అందులో "గర్భానికి సంబంధించిన కణజాలం" అని మాత్రమే వచ్చింది. ఆ సంగతి మాకు ముందే తెలుసు.

రెండోది 2022 ఆగస్టులో, ఆరో వారంలోనే దానంతటదే పోయింది. ఆసుపత్రికి వెళ్లేసరికి అంతా అయిపోయింది.

ఇక్కడి నుంచి పరీక్షలన్నీ ఆమె మీద. టార్చ్ అని ఇన్ఫెక్షన్లు చూసేది ఒకటి, రెండుసార్లు. షుగర్. గర్భసంచి ఆకారం చూడటానికి త్రీడీ స్కాన్. రక్తం గడ్డకట్టించే యాంటీబాడీల పరీక్ష, అది పన్నెండు వారాల తేడాతో మళ్లీ చేయాలి. ఇరవై వేలు దాటింది, అన్నీ నార్మల్. నాకు మాత్రం వీర్యకణాల డీఎన్‌ఏ ఎంత చిట్లిందో చూసే పరీక్ష ఒకటి రాశారు, ఐదు వేలు, 24 శాతం వచ్చింది. మంచీ కాదు చెడ్డా కాదు అన్నారు.

ఇంట్లో సంగతి కూడా రాయాలి. మా అమ్మ చెడ్డది కాదు. కానీ ఎవరు అడిగినా "గా పిల్లకు కడుపు నిలుస్తలేదమ్మా" అనేది. పక్కింట్లో సీమంతం జరిగితే మాకు పిలుపు వచ్చింది గానీ, గాజులు తొడిగేటప్పుడు మా ఆవిడను కొంచెం పక్కకు జరగమన్నారట. ఆమె నాకు ఆ సంగతి రెండేళ్ల తర్వాత చెప్పింది. అమ్మ ఆమెను జాన్‌పహాడ్ దర్గాకు తీసుకెళ్లి, బిడ్డ పుడితే మేకను కోసి కందూరు చేస్తానని మొక్కుకొచ్చింది. నాకు కౌంట్ తక్కువని అమ్మకు తెలుసు. అయినా ఆ మాట ఆమె నోటి నుంచి ఒక్కరి ముందు కూడా రాలేదు.

2023 జూన్‌లో మూడోసారి. ఈసారి మొదటి రోజు నుంచే రోజూ పొట్టలో ఒక ఇంజెక్షన్, రక్తం పలచబడటానికి. యాంటీబాడీల పరీక్ష రెండుసార్లూ నెగెటివ్ వచ్చింది కదా, మరి ఎందుకని అడిగితే "సేఫ్టీకి" అన్నారు. ఒక్కోటి నాలుగు వందల యాభై. ఇంట్లో నేనే ఇచ్చేవాణ్ని. బొడ్డు చుట్టూ నీలం మచ్చలు, కొన్ని పసుపుపచ్చగా మారుతుండగానే పక్కన కొత్తవి. సూదికి చోటు వెతుక్కోవాల్సి వచ్చేది. ఆరున్నర వారాలకు గుండె కొట్టుకుంటున్నట్టు సన్నగా కనిపించింది. ఎనిమిదో వారానికి ఆగిపోయింది.

ఈసారి నల్లగొండలో వేరే డాక్టరమ్మ దగ్గర ఉన్నాం. క్లీనింగ్‌కు ముందు ఆమె ఒక ప్రశ్న వేసింది. "ఇంతకుముందు తీసిన వాటికి క్రోమోజోముల పరీక్ష చేశారా?" చేయలేదు. బయాప్సీకి పంపిన రిపోర్టు చూపిస్తే, ఫార్మలిన్‌లో వేసినదానితో ఈ పరీక్షకు పని జరగదు, సెలైన్‌లో వేసి పంపాలి అంది. మీరెవరైనా ఈ పరిస్థితిలో ఉంటే థియేటర్‌లోకి వెళ్లకముందే ఈ మాట అడగండి. తర్వాత అడిగితే ఏమీ మిగలదు. చిన్న స్టెరైల్ డబ్బాలో సెలైన్ పోసి, ఐసుప్యాకులున్న థర్మోకోల్ పెట్టెలో అదే రోజు హైదరాబాద్ ల్యాబ్‌కు పంపారు. పద్నాలుగు వేలు. అప్పటికి మా చేతిలో అంత లేక, మా మిల్లు ఓనరు దగ్గర జీతంలో అడ్వాన్సు తీసుకున్నాను.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. 14వ నంబరు క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడున్నాయి. అలాంటి పిండం ఎటూ నిలవదని డాక్టరమ్మ చెప్పింది. ఇంజెక్షన్లు, బెడ్‌రెస్టు, మెట్లెక్కకపోవడం, ఏదీ దాన్ని ఆపేది కాదు. "ఇద్దరూ క్యారియోటైప్, అంటే రక్తంలో క్రోమోజోముల పరీక్ష, చేయించుకోండి. ఒక్కరు కాదు, ఇద్దరూ."

2023 ఆగస్టులో రక్తం ఇచ్చాం. పచ్చ మూత ఉన్న ట్యూబులో తీశారు. శనివారం వెళ్తే తీసుకోలేదు, సోమవారం రమ్మన్నారు. రక్తంలోని కణాలను ల్యాబ్‌లో బతికించి పెంచాలి కాబట్టి ఆదివారం దారిలో ఉండిపోతే పాడవుతుందట. అలా పెంచి చూడాలి గనుకనే రిపోర్టుకు మూడు వారాలు. మనిషికి నాలుగు వేలు.

రిపోర్టులు వాట్సాప్‌లో వచ్చినప్పుడు నేను మిల్లులో కాంటా చీటీలు సరిచూస్తున్నాను. ఆమెది 46, నార్మల్. నాది 45. కింద ఏదో కోడ్ ఉంది, 13, 14 అంకెలున్నాయి. 46 ఉండాలని టెన్త్‌లో చదువుకున్నది గుర్తుంది. ఒకటి తక్కువంటే నేను ఏదో లోపంతో పుట్టాననే అనుకున్నాను. ముప్ఫై రెండేళ్లు జ్వరం తప్ప ఏ రోగమూ ఎరగను. బయట లారీ డ్రైవరు చీటీ కోసం అరుస్తున్నాడు. సంతకం చేసి ఇచ్చాను.

సాయంత్రం ఇంటికెళ్లి ఫోన్ ఆమె చేతికిచ్చాను. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "అంటే నాది కాదా?" అంది. అంతే, అన్నం వడ్డించింది. ఏడవలేదు, నన్ను ఏమీ అనలేదు. కోపం రెండు మూడు వారాల తర్వాత వచ్చింది, అదీ నా మీద కాదు. ఫ్రిజ్‌లో మిగిలిపోయిన ఇంజెక్షన్లు కనిపిస్తే ఒక్కొక్కటీ తీసి, ఏది ఎంతో లెక్కచెప్తూ డబ్బాలో పడేసింది. ఆ రోజు ఎవరం ఏమీ మాట్లాడలేదు.

అక్టోబరులో పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లి జెనెటిక్స్ డాక్టరును కలిశాం. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఖర్చు చూసుకునేవాళ్లు అక్కడా కనుక్కోవచ్చు. మేం వెళ్లింది ప్రైవేటుకు, ఫీజు వెయ్యి. కానీ ముప్పావు గంట కూర్చోబెట్టి మాట్లాడింది. అన్నేళ్లలో ఏ డాక్టరూ మాతో పది నిమిషాలు మాట్లాడలేదు.

ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నాలో ఒక 13వ క్రోమోజోము, ఒక 14వది ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. దీన్ని రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. రెండు బస్తాలు కలిపి కుట్టేస్తే లెక్కలో ఒకటి తగ్గుతుంది, బియ్యం తగ్గవు. మిల్లువాణ్ని కాబట్టి నేను అలా అర్థం చేసుకున్నాను, ఆమె కూడా ఔనంది. ఇది సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి చచ్చేదాకా తెలియదు. నాకు ఏ జబ్బూ రాదు. చిక్కు వీర్యకణాలు తయారయ్యేటప్పుడే. అతుక్కున్న జత విడిపోయేటప్పుడు కొన్నింట్లో ఒకటి ఎక్కువ, కొన్నింట్లో ఒకటి తక్కువ పడుతుంది. వాటితో వచ్చిన గర్భం చాలావరకు నిలవదు. ఇది ఉన్న కొందరు మగవాళ్లలో కౌంట్ కూడా తగ్గుతుందట. బాయిలర్ బతికిపోయింది.

టార్చ్ పరీక్షలు వరసగా గర్భాలు పోవడానికి కారణం చెప్పవని, వాటిని చేయించకుండా ఉండాల్సిందని ఆమె అన్నప్పుడు మా ఆవిడ నా వైపు చూసింది.

తర్వాత ఏం చేయాలో కూడా చెప్పింది. మామూలుగానే ప్రయత్నించి, గర్భం నిలిస్తే ఉమ్మనీరు పరీక్ష చేయించుకోవడం ఒక దారి. ఐవీఎఫ్ చేసి పిండాన్ని లోపల పెట్టకముందే క్రోమోజోములు చూడటం రెండోది, మాకు చెప్పిన లెక్క మూడున్నర లక్షలు. మూడోది దాత వీర్యం. నాలాంటి మగవాళ్లలో ఎక్కువ భాగం కణాలు బాగానే ఉంటాయని, 13వది మూడుండి బిడ్డ పుట్టే ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువని, మా ఆవిడ వయసు ఇరవై ఎనిమిదే కాబట్టి తొందరలేదని చెప్పింది. ఐవీఎఫ్‌తో గర్భస్రావాలు తగ్గొచ్చు గానీ చివరకు బిడ్డ చేతికొచ్చే అవకాశం పెరుగుతుందని కచ్చితంగా చెప్పలేనని కూడా అంది. మూడున్నర లక్షల బేరం వదులుకొని అలా చెప్పే డాక్టరు ఉంటుందని నేననుకోలేదు. దాత సంగతి మా ఆవిడే కొట్టేసింది. మొదటి దారి తీసుకున్నాం.

ఇంట్లో చెప్పడం ఇంకో ఘట్టం. ఇది వారసత్వంగా వచ్చే అవకాశం ఉంది, కాబట్టి అమ్మానాన్నలకు, పెళ్లి కావాల్సిన మా చెల్లెలికి కూడా పరీక్ష మంచిదన్నారు. నాన్న వినగానే లేచి బయటికెళ్లిపోయాడు. ఇప్పటికీ చేయించుకోలేదు, మేమూ వదిలేశాం. అమ్మ మాత్రం కాసేపటికి, "నీ కన్న ముందు నాకు గూడ రెండు పోయినయ్ బిడ్డా, మా అత్త నన్నే అన్నది" అంది. ఆ మాట నేను అంతకుముందెప్పుడూ వినలేదు. అప్పటి నుంచి ఎవరైనా కడుపు సంగతి అడిగితే "దేవుని దయ" అని ఊరుకునేది. చెల్లెలు ధైర్యంగా రక్తమిచ్చింది. నార్మల్ వచ్చింది.

2024 ఫిబ్రవరిలో మళ్లీ ఒకటి పోయింది, ఆరో వారానికి ముందే. బాధ బాధే. కానీ ఈసారి ఏం తిన్నావు, ఎందుకు బండెక్కావు అని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లిపోయింది స్కూలుకు.

2024 నవంబరులో మళ్లీ గర్భం వచ్చింది. ఇంజెక్షన్లు లేవు, ఫోలిక్ యాసిడ్, థైరాయిడ్ టాబ్లెట్ మాత్రమే. ఎనిమిదో వారం స్కాన్‌కు నేను లోపలికి వెళ్లలేదు, కాళ్లాడలేదు. గుండె కొట్టుకుంటోందని ఆమే బయటికొచ్చి చెప్పింది. జనవరిలో పన్నెండో వారం స్కాన్ బాగుంది. అప్పటికి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఫ్రీ కాబట్టి హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ బస్సెక్కితే ఆమెకు జీరో టికెట్, నాకే డబ్బులు. ఈ తిరుగుడులో అదొక్కటే మాకు కలిసొచ్చింది.

ఫిబ్రవరిలో, పదిహేడో వారంలో ఉమ్మనీరు పరీక్ష. ముందు కాగితాల మీద సంతకాలు. బిడ్డ ఆడా మగా తెలుసుకోబోమని రాసివ్వాలి, 1994 చట్టం ప్రకారం. రిపోర్టులో కూడా ఆ భాగం రాయరు. స్కాన్‌లో చూస్తూ పొట్టలోకి సన్నని పొడవాటి సూది దింపి నీరు తీస్తారు, దగ్గరదగ్గర 20 మిల్లీలీటర్లు. రెండు నిమిషాలు పట్టింది. ఆమె నా వేలు పట్టుకుంది గానీ, "ఆ ఇంజెక్షన్ల కన్నా ఇదే నయం" అంది. దీనివల్ల గర్భం పోయే ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువే అన్నారు. నాలుగుసార్లు పోగొట్టుకున్నవాళ్లకు ఆ ఒకటి చిన్నగా కనిపించదు. అరగంట పడుకోబెట్టి పంపారు, రెండు రోజులు బరువులు ఎత్తొద్దన్నారు. బస్సు కుదుపులకు భయపడి ఆ రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో మా బాబాయి వాళ్లింట్లో ఉండిపోయాం. పరీక్షలన్నీ కలిపి ఇరవై రెండు వేలు.

మొదటి రిపోర్టు నాలుగు రోజులకు వచ్చింది: 13, 18, 21 సరిగ్గా రెండేసి ఉన్నాయి. పూర్తి రిపోర్టుకు మళ్లీ మూడు వారాలు. అందులో బిడ్డకూ నాలాగే 45 అని ఉంది, అదే 13, 14 అతుకు. ఒక్క క్షణం ఊపిరాడలేదు. డాక్టరు ఫోన్లో, "మీరెలా ఉన్నారు? అలాగే ఉంటుంది" అంది. ఇంకో పరీక్ష మిగిలింది. 14వ క్రోమోజోములు రెండూ ఒకే మనిషి నుంచి వస్తే ఇబ్బంది ఉంటుందట, మా ఇద్దరి రక్తంతో పోల్చి చూశారు. చెరొకటి వచ్చాయని తేలింది. అంతా తేలేసరికి మార్చి నెలాఖరు.

2025 జులైలో పాప పుట్టింది, రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు, మామూలు కాన్పు. ఇప్పుడు దానికి మళ్లీ రక్తపరీక్ష ఏదీ అక్కర్లేదట. పెళ్లీడుకు వచ్చాక దానికే చెప్పాలి, అది ఎవరిని చేసుకున్నా ముందే తెలిసి ఉండాలి. ఆ రిపోర్టు నాలుగు జిరాక్సులు తీయించి ఒకటి మా వదిన దగ్గర కూడా పెట్టాను. రెండో బిడ్డ సంగతి ఎత్తితే మా ఆవిడ ముందు నిద్రపోనివ్వమంటోంది.

తొట్టెల ఫంక్షన్‌కు వచ్చినవాళ్లలో కనీసం ముగ్గురు నన్ను పక్కకు తీసుకెళ్లి "ఏ డాక్టరు, ఏం మందు ఇచ్చిండు?" అని అడిగారు. మందేమీ లేదు, రక్తపరీక్ష చేయించుకో, ఇద్దరూ చేయించుకోండి అని చెప్పాను. ఒకతను నంబరు రాసుకున్నాడు. మిగతా ఇద్దరూ మందు పేరు దాస్తున్నాననుకున్నారు. మా అమ్మ వాళ్లకు జాన్‌పహాడ్ దారి చెప్పి పంపింది. కందూరుకు మేకను మాట్లాడింది, ఎనిమిది వేలట. అది కూడా నా ఖాతాలోనే.